కండరము చెప్పు మాట

నేటి సాయంకాలము నేను ముచ్చటింప నున్నది కండరములను గూర్చి. బరువు లెత్తునప్పుడును, ఎత్తిన మరునాడును మన కండలలో ఏమి జరుగును, ఆ జరుగుట మన కెట్లు తెలియును అనునదియే విషయము. నేను వైద్యుడను గాను, మల్లుడను అంతకంటెను గాను. అరువదియారేండ్లు నిండువరకు పుస్తకముల సంచి కంటె బరువైన వస్తువును బుద్ధిపూర్వకముగా ఎత్తినవాడను కాను. అట్టివాడు బలమును గూర్చి మాటాడుట కేమి యధికారమని మీ రడుగవచ్చును. అధికారము లేదు; కొంత యనుభవము మాత్రము కలదు.

మూడేండ్ల క్రిందట మా బంధువుల యింట పెండ్లి జరిగినది. ఆ యింటివారు పాతకాలపు పద్ధతి విడువనివారు. బల్లలు, కుర్చీలు వేయక నేలమీదనే విస్తళ్లు వేసి వడ్డించిరి. కూర్చుండుట బాగుగనే యున్నది, భోజనము మరింత బాగుగ నున్నది. బంతి లేచినది. అందరితోపాటు నేనును లేవబోయితిని. లేవలేకపోతిని. ఒక చేయి నేల కానించితిని, చాలలేదు. రెండవ చేయియు ఆనించితిని. ఎంగిలి చేయి! ఇంతలో పదేండ్ల పిల్లవాడొకడు దగ్గరకు వచ్చి, “తాతా, నా భుజం పట్టుకో” అనెను. వాని భుజము పట్టుకొని లేచితిని. ఎవరును నవ్వలేదు. నవ్వినను బాగుండెడిది.

నారాయణగూడలో మాకు చిరకాలముగా తెలిసిన వైద్యుడు కలడు. ఆయన మోకాళ్లు వంచి చూచెను, నడుము తట్టి చూచెను, రక్తము పరీక్ష చేయించెను. కడపట, “మీకు రోగమేమీ లేదండి, తొడల్లో కండ తరిగింది, అంతే” అనెను. అంతే యను మాట నాకు నచ్చలేదు. కాని విచారించి చూడగా అది నిజమే. ముప్పదియేండ్లు దాటిన పిమ్మట మనుష్యుని కండ పదేండ్లకు నూటికి 3 మొదలు 8 పాళ్లవరకు తరుగుచుండునట. అరువదియేండ్లు దాటినచో ఆ తరుగుదల మరింత వేగమగును. దీనికి తోడు మనవారి కొక విశ్వాసము కలదు: వయసు మీరినవాడు విశ్రాంతి తీసికొనవలెనని. 2007వ సంవత్సరమున అమెరికాలో ఒక పరీక్ష జరిగినది. ఆరోగ్యవంతులగు కొందరు పెద్దలను, సగటున 67 ఏండ్లవారిని, పది దినములపాటు మంచముపైననే ఉంచి చూచిరి. పది దినములలో ఒక్కొక్కరి కాళ్లనుండి సుమారు ఒక కిలో కండ కరగిపోయెను. జ్వరము లేదు, లంఖణము లేదు. కేవలము పరుండుటవలననే పోయినది.

ఈ సంగతి చదివినప్పుడు నాకు మా అన్నగారు జ్ఞప్తికి వచ్చిరి. ఆయన మా యూరిలో ఉన్నారు. నాకంటె ఆరేండ్లు పెద్ద. ఒకనాడు పశువుల కొట్టములో కాలుజారి పడిరి. దైవవశమున ఎముక విరుగలేదు. కాని ఇంటివారు ప్రేమతో నాలుగు మాసములు మంచము దిగనీయలేదు. దిగవచ్చునని చెప్పిన దినమున ఆయన దిగలేకపోయిరి. పడుటవలన కలిగిన నష్టము కంటె ప్రేమవలన కలిగిన నష్టమే హెచ్చు.

మా యిల్లు చిక్కడపల్లిలో. పట్టణము నెరుగని శ్రోతలకొరకు రెండు మాటలు చెప్పెదను. ఒకవంక త్యాగరాయ గానసభ, ఒకవంక నగర కేంద్ర గ్రంథాలయము, దాని నంటియే అశోక్‌నగర్. అశోక్‌నగర్ నిండ సర్కారు ఉద్యోగముల పరీక్షలకు చదువుకొను యువకులు. అన్ని జిల్లాలనుండి వచ్చి, ఇరుకు గదులలో నలుగురేసి యుండి, పగలు రేయి చదువుచుందురు. పడమరగా నడచిపోయినచో నారాయణగూడ చౌరస్తా, వై.ఎం.సి.ఏ. వచ్చును. ఈ మూడు పేటలలోను ఏ సందులో చూచినను ఒక వ్యాయామశాల కనబడును. జిమ్ అనిననే అందరికిని తెలియును. మన పాత తాలీంఖానాలో ఎఱ్ఱమట్టి, గదలు, రాతిగుండు ఉండెడివి. ఇచ్చట నిలువుటద్దములు, ఇనుప కడ్డీలు, గుండ్రని బిళ్లలు, చెవులు గింగురుమను సంగీతము. వస్తువులు మారినవి గాని చేయు పని అదియే: దండీలు, బస్కీలు, బరువు లెత్తుట.

మొదట నేను చేరిన శాల పేరు చెప్పను. అచ్చటి శిక్షకుడు నన్ను ఇరువదియేండ్ల పిల్లల వరుసలో నిలువబెట్టెను. వారు చేసినన్ని బస్కీలు నాచేతను చేయించెను. నాకును పౌరుషము కలదు గదా, లెక్క తగ్గనీయలేదు. ఆ సాయంకాలము ఏమియు తెలియలేదు. పైపెచ్చు ఒడలు తేలికగా నున్నది. ఇంటికి వచ్చి గొప్పలు చెప్పుకొంటిని. మరునాటి యుదయము తొడలు చెక్కలైనవి. మూడవనాడు మేడమెట్లు దిగుట కొక చేత కటకటాలను, ఒక చేత గోడను పట్టుకొనవలసి వచ్చెను. మా యింటావిడ, “మీకెందుకండీ ఈ వయసులో” అని ఒక్కమారు అనిన యెడల బాగుండెడిది. ఆమె ఆ మాటయు అనక నూనె కాచి తెచ్చినది. నా తొడలు శాశ్వతముగా చెడిపోయినవని నిశ్చయించుకొని నెలదినములు ఆ దిక్కునకే పోలేదు.

ఆ నొప్పి నిజముగా ఏమిటో తెలిసియుండిన నేను ఆ నెల పోగొట్టుకొనకయుందును. అది మీరందరును ఎరిగిన నొప్పియే. నాట్లు మొదలైన మరునాడు ఆడవారి నడుములు, పిక్కలు పట్టుకొనిపోవును. వేసవి గడచి మొదటిసారి నాగలి పట్టినవాని భుజములు రెండవనాడు బిగియును. నాలుగైదు దినములు అదే పని సాగించినచో ఆ నొప్పియే మాయమగును. మరుసటేడు మరల మొదటినాటి కథయే. ఇంకొక యుదాహరణము. అలిపిరినుండి తిరుమల కొండ మెట్లెక్కినవారు ఎక్కునప్పుడు రొప్పుదురు, చెమటలు గ్రక్కుదురు. కాని ఇల్లు చేరిన పిదప తొడలు పట్టుకొని మూలుగునది ఎక్కువగా నడచి దిగివచ్చినవారే. ఎక్కుటకు కదా ఆయాసము, దిగుటకు నొప్పి యెందులకు?

దీనికి కారణమున్నది. కండరము రెండు విధముల పని చేయును. కుదించుకొనుచు బరువును లేపుట ఒకటి. బరువును మోయుచునే మెల్లగా సాగుట రెండవది. బావిలోనికి నిండు బొక్కెనను చేదత్రాటితో మెల్లమెల్లగా దింపు వానిని తలచుకొనుడు. త్రాడు వదలుచునే యుండును, వదలనీయక పట్టుచునే యుండును. వాని అరచేతులే ఒరసికొనిపోవును. మెట్టు దిగునప్పుడు ముందుతొడ కండ చేయు పని అట్టిది. బస్కీలో క్రిందికి దిగుటయు అట్టిదే. అలవాటు లేని కండ ఇట్లు సాగునప్పుడు దానిలోని సన్నని పోగులు అక్కడక్కడ సూక్ష్మముగా చిట్లును. ఆ చిట్లుటను బాగుచేయుటకై శరీరము నీరును, రక్తకణములను అచ్చటికి పంపును. కొంత వాపు పుట్టును. అచ్చటి నరములు చిన్న తాకిడికే ఉలికిపడును. ఇదంతయు జరుగుటకు వేళ పట్టును. కావున నొప్పి అప్పటికప్పుడు రాక మరునాడు మొదలై, రెండవనాడో మూడవనాడో ముదిరి, వారము లోపల తగ్గిపోవును. ఈ నొప్పికి పోగులు తెగుటయే కారణమని 1902లోనే థియోడోర్ హఫ్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు వ్రాసెను. పులుసు, అనగా లాక్టిక్ ఆమ్లము, కండలో నిలిచిపోవుటవలన ఈ నొప్పి కలుగునని తరువాత చాలకాలము అందరును చెప్పుకొనిరి. నేటికిని జిమ్ములలో చెప్పుకొనుచున్నారు. అది సరికాదు. ఆ పదార్థము పని మానిన గంట రెండు గంటలలోనే తొలగిపోవును. మూడవనాటి నొప్పికి దానిని దోషిగా నిలుపుట న్యాయము గాదు.

మాగిన కండ మరల అదే పని చేసినచో రెండవమారు ఈ నొప్పి చాల తగ్గును. ఒక్కమారు పడిన దెబ్బను కండరము కొన్ని వారములపాటు మరచిపోదు. మా తొలి శాలలోని తప్పు బరువెత్తించుట గాదు. మొదటినాడే అంత యెత్తించుట.

ఇక రెండవ శాల. మా యింటి కెదుటి వసతిగృహములో నుండి గ్రూపు పరీక్షకు చదువుకొను పాలమూరు యువకుడొకడు నన్నచ్చటికి తీసికొనిపోయెను. అచ్చటి శిక్షకుడు కూడ చిన్నవాడే గాని, వానికి ఓపిక కలదు. నన్నొక ఎత్తైన కుర్చీపై కూర్చుండబెట్టి, “అంకుల్, చేతులు వాడకుండా లేచి నిలబడండి, మెల్లగా కూర్చోండి. ఎనిమిదిసార్లు” అనెను. ఇంతేనా అంటిని. ఆరవసారికి తొడలు వణకసాగినవి. చలి లేదు, భయము లేదు. కాళ్లు తమంత తామే గడగడలాడుచున్నవి. నేను భయపడితిని. వాడు నవ్వి, “ఏం కాదు అంకుల్, కండ కూలీలను పిలుస్తోంది” అనెను. ఆ మాట నాకు నచ్చి, తరువాత దానిని గూర్చి చదివితిని. వాడు చెప్పినది యథార్థమే.

కండరమనునది ఒక్క ముద్ద గాదు. వేలకొలది పోగుల కట్ట. కొన్నేసి పోగులకు ఒక్కొక్క నరము పెద్ద. బరువు తేలికైనప్పుడు మెదడు చిన్న జట్లనే పిలుచును. బరువు హెచ్చినకొలది, లేక పిలిచినవారు అలసినకొలది, పెద్ద జట్లను పిలుచును. అవి అలవాటు లేని జట్లు. ఒకటి లాగుచుండ మరొకటి వదలును, అదియే వణకు. మన యూరి రథోత్సవమును తలచుకొనుడు. మోకు పట్టినవారు రెండువందల మంది యుందురు. ఎవరికి తోచినట్లు వారు లాగినచో రథము కదలదు, మోకు మాత్రము ఊగును. ఒకడు ముందు నిలిచి గోవిందా యని కేక వేయగా అందరు ఒక్క ఊపున లాగుదురు, చక్రము కదలును. మనుష్యులు వారే, మోకు అదియే. క్రొత్తగా బరువు లెత్తువానికి మొదటి కొన్ని వారములలో కలుగు బలము ఇట్టిది. కండ పెరుగుటకు ఇంకను వేళ కాలేదు. నరములు కేక వేయుట నేర్చుకొనుచున్నవి. నేను మూడవ వారమునందే ఎనిమిదికి పదునాలుగుమారులు లేచితిని. తొడ కొలత చూచితిని, దారమంతయైన పెరుగలేదు. అద్దము చూచుకొని నిరాశపడి మానువారు ఈ సంగతి తెలిసినచో మానరేమో.

వణకు తరువాత వచ్చునది మంట. బరువెత్తుచు పోగా కండలో నిప్పు రాజుకొనినట్లుండి, ఇక చాలునని మొరపెట్టును. బరువు దింపిన నిమిషమునకే చల్లారును. ఈ మంటను గూర్చి చెప్పవలసినప్పుడు మన తెలుగువాని నొకనిని తలవక తీరదు. భీమవరమున 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాకు పోయి, హార్వర్డు విశ్వవిద్యాలయమున సైరస్ ఫిస్కే అను నాయనతో కలసి కండరములలోని భాస్వరమును కొలుచు పద్ధతిని 1925లో కనిపెట్టిరి. ఆ పద్ధతితోనే 1927లో కండలో దాగియున్న ఫాస్ఫోక్రియాటిన్ అను పదార్థమును, పిదప 1929లో ఏ.టి.పి. యను పదార్థమును బయటపెట్టిరి. ఏ.టి.పి.ని ఆ యేడే జర్మనీలో కార్ల్ లోమాన్ అను నాయనయు కనుగొనెను. అంతవరకు కండరమునకు పులుసే ఇంధనమని నమ్మియున్న శాస్త్రలోకము ఈ సంగతులతో తన లెక్కలు మార్చుకొనవలసి వచ్చెను.

ఆ లెక్క మన సంసారపు లెక్కవంటిదే. ఏ.టి.పి. చేతిలోని చిల్లర, కొన్ని క్షణములకే సరిపోవును. ఫాస్ఫోక్రియాటిన్ రొంటిని దోపుకొనిన రూకలు. చిల్లర అయిపోగానే తీసి యిచ్చును. అదియు పదిక్షణములకు మించి నిలువదు. అటుపై గాదెలోని ధాన్యము, అనగా కండలో నిలువయున్న పిండిపదార్థము, తీసి మార్చుకొనవలెను. ఆ మార్పిడిలో కొంత పులుపు, కొంత భాస్వరము పోగుపడి, నరములను గిల్లును. అదియే మంట. అది గాయము గాదు. గాదె తలుపు తెరచిన చప్పుడు. బరువు దింపి మూడు నాలుగు నిమిషములు కూర్చుండినచో రొంటి మరల నిండును. ఇందువలననే శిక్షకుడు నన్ను ప్రతి వరుసకును నడుమ కూర్చుండుమనెను. మొదట నా వయసునకు జాలిపడుచున్నాడనుకొని చిన్నబుచ్చుకొంటిని. జాలి గాదు, సుబ్బారావుగారి శాస్త్రము. ఆయన 1948లో న్యూయార్కులో గతించిరి. నేను ఆ కుర్చీలో కూర్చుండినప్పుడెల్ల ఆయనను తలచుకొందును.

కండ ఉబ్బుటను గూర్చి పెద్దగా చెప్పను. పని చేయు కండలోనికి రక్తము నీరు చేరి అరగంట గంటసేపు అది నిండుగ కనబడును; చర్మము బిగియును. అశోక్‌నగరు కుర్రవారికి అద్దము ముందు నిలుచుటకు అదియే మంచి ముహూర్తము. ఇంటికి పోవులోపల కండ మరల యథాస్థితికి వచ్చును.

ఇచ్చట ఒక హెచ్చరిక చేయవలెను. నొప్పి లేనిచో ఫలము లేదని ఆ యువకులలో చాలమంది నమ్మకము. ఒకడు రెండు దినములు కాలు ఈడ్చుకొని నడచినచో గర్వించును. ఇది కూడ పొరపాటే. మూడవనాటి నొప్పి క్రొత్త పనికి గురుతు మాత్రమే; బలమునకు కొలమానము గాదు. నాకు ఆరవ వారమునుండి నొప్పి దాదాపు లేదు. బలము మాత్రము ఆ వారములయందే నిజముగా పెరిగినది. పోగులు దళసరి యగుట అప్పుడే మొదలు. పోగుల సంఖ్య పెద్దగా మారదు. ఒక్కొక్క పోగు లావెక్కును. దానికి నిద్ర కావలెను, మాంసకృత్తులు కావలెను. మన పెద్దవారు పంటి బాధచేతనో, ఇంటివారికి కష్టమిచ్చుట ఇష్టములేకనో, రాత్రి మజ్జిగన్నముతో సరిపెట్టుకొందురు. పప్పు, పాలు, పెరుగు, వేరుసెనగలు, తినువారికి గ్రుడ్డు, ఇవి ప్రతి పూట కొంత ఉండవలెను. మూత్రపిండముల జబ్బున్నవారు మాత్రము వైద్యుని అడిగియే పెంచవలెను.

మంచి నొప్పిని చెప్పితిని గాన చెడ్డ నొప్పిని చెప్పక విడువరాదు. మంచి నొప్పి కండ నడుమ నుండును, మొద్దుగ నుండును, రెండు కాళ్లకు సమముగ నుండును, కదలినకొలది సడలును. కీలునందు సూదిగ్రుచ్చినట్లు పుట్టునది, ఒక్క ప్రక్కనే పుట్టునది, బరువెత్తుచుండగా ఫటాలున పుట్టునది, వాచి ఎఱ్ఱబారునది, వారము గడచినను తగ్గనిది మంచిది గాదు. ఎదలో బిగువు, దవడకో ఎడమచేతికో ప్రాకు నొప్పి, కన్నులు తిరుగుట కలిగినచో ఆ క్షణమే మాని వైద్యుని యొద్దకు పోవలెను. ఇంకొకటి చాలమందికి తెలియదు. మితిమీరిన పని చేసిన పిదప మూత్రము టీ డికాక్షను రంగులోనికి మారినచో కండ కరగి రక్తములో కలియుచున్నదని అర్థము, మూత్రపిండములు చెడును. బడిలో పిల్లలచేత శిక్షగా వందలకొలది గుంజిళ్లు తీయించు ఉపాధ్యాయులు ఈ మాట వినవలెను. ఊపిరి బిగబట్టి బరువెత్తుటయు పెద్దలకు పనికిరాదు. రక్తపు పోటు ఒక్కమారుగా ఎగబ్రాకును. లేచునప్పుడు ఊపిరి విడువవలెను, కూర్చుండునప్పుడు పీల్చవలెను.

బలమనగానే మనవారు కోడి రామమూర్తిగారి ఎదపై ఏనుగు నిలిచిన కథ చెప్పుదురు. వీరఘట్టమున పుట్టిన ఆ మహాబలుని పేరు ఆంధ్రదేశమున వినని యింటివా రుండరు. శ్రీకాకుళము జిల్లానుండి వచ్చిన కరణం మల్లీశ్వరి 2000వ సంవత్సరమున సిడ్నీ ఒలింపిక్సులో రెండు ఎత్తులకు కలిపి 240 కిలోలెత్తి, ఒలింపిక్ పతకము పొందిన తొలి భారతీయ స్త్రీ యైనది. వీరి కథలు వినుటకు ఉత్సాహముగ నుండును. కాని అవి మనకు దూరపు కొండలు. నన్ను కదిలించినది వేరొక పరీక్ష. 1990లో బోస్టను నగరమున మరియా ఫియటరోని యను వైద్యురాలు వృద్ధాశ్రమములోని పదిమంది నేరుకొనెను. వారి సగటు వయసు 90 ఏండ్లు. కాలి కండకు వారి శక్తికి తగిన భారమునే, కాని తేలిక గాని భారమును, పెట్టి ఎనిమిది వారములు సాధన చేయించెను. తొమ్మండుగురు చివరివరకు నిలిచిరి. వారి తొడబలము సగటున నూటికి 174 పాళ్లు హెచ్చెను. తొంబదియేండ్ల కండ కూడ పిలిచిన పలికినది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ప్రకటించిన సలహాలలో పెద్దలు వారమునకు రెండు దినములైనను కండకు బలమిచ్చు పని చేయవలెననియు, అరువదియైదు దాటినవారు మూడు దినములు, పడిపోకుండ నిలకడ నిచ్చు అభ్యాసము కూడ చేయవలెననియు చెప్పినది.

ఈ బోస్టను సంగతి చదివిన వారమే నేను మా యూరికి పోయితిని. అన్నగారు వసారాలో నులకమంచముపై నున్నారు. నేను జిమ్ముకు పోవుచున్నానని అప్పటికే ఎవరో చేరవేసిరి. “ఏమిరా, కుస్తీ పడుతున్నావట” అనిరి. నేను బదులు చెప్పక, నేలపై చాపవేసి కూర్చుండి, చేయి ఆనింపక లేచితిని. ఆయన కొంతసేపు మాటాడలేదు. పిమ్మట, “నాకు కాదులే. నా కాళ్లు అయిపోయినయి” అనిరి.

ఊరి వైద్యుని పిలిపించి గుండె, రక్తపు పోటు చూపించితిని, ఆయన సరేననెను. నులకమంచము కుంగును, దానినుండి లేచుట మల్లులకైనను కష్టము. గోడకానించి ఒక కొయ్యకుర్చీ వేసి, దానిపై రెండు మడతల బొంత వేసితిని. ముందొక బల్ల నుంచితిని, పట్టుకొనుటకు. నా కొడుకు వయసున్న వారి కొడుకు ప్రక్కన నిలిచెను. “అన్నా, లేవనక్కరలేదు. లేవడానికి చూడు, అంతే” అంటిని. మొదటిమారు పిరుదులు కుర్చీనుండి బెత్తెడు లేచినవి. రెండవమారు అంతకంటె తక్కువ. కాళ్లు వణకుట చూచి వదినె, “వద్దు మరిదీ, పడిపోతడు” అని ముందుకు వచ్చినది. నేను ఆమెకు రథము మోకు కథ చెప్పితిని. ఆమె నా ముఖము చూచి, ఈ మరిది కేమైనదో అనుకొనినట్లున్నది, అయినను ఆగినది. ఐదు నిమిషములు విశ్రమింపజేసి మరల అడిగితిని. నాలుగవమారు, బల్లపై రెండు చేతు లానించి, అన్నగారు నిలిచిరి. ఎంతసేపో నిలువలేదు. వసారా స్తంభమువంక చూచుచు, “ఈ దూలానికి చెదలు పట్టింది, ఎవరూ చెప్పలేదేమిరా” అనిరి. మంచముపైనుండి చూచినచో ఆ దూలము కనబడదు.

దినము విడచి దినము, ఐదేసిమారులు, నడుమ విశ్రాంతితో, ఎవరైనను ప్రక్కన నుండగనే చేయవలెనని చెప్పి నేను పట్టణము చేరితిని. మూడవనాటి రాత్రి తొమ్మిది గంటలకు ఫోను మ్రోగినది. అన్నగారే. మంచి కోపములో నున్నారు.

“నీ మాట విని నా తొడలు ఇనుపగుండ్లయినయి. కూర్చుంటే నొప్పి, లేస్తే నొప్పి.”

“రెండు తొడలా, ఒక్కటా?”

“రెండూ.”

“మోకాటిలో ఉన్నదా?”

“లేదు. పైన, కండలో.”

“మూత్రం రంగు మారిందా?”

“ఇదేం ప్రశ్నరా! మారలేదు.”

“నాలుగడుగులు వేస్తే తగ్గుతోందా, పెరుగుతోందా?”

ఆయన ఫోనును ఎవరిచేతికో యిచ్చిరి. కఱ్ఱ నేలకు తగులు చప్పుడు, నడుమ నడుమ వదినె మాట, వినబడినవి. చాలసేపటికి గాని మరల ఫోను తీసికొనలేదు.

“కొంచెం తగ్గుతోంది” అనిరి.

“అయితే రేపు వద్దు, అన్నా. ఎల్లుండి మళ్లీ మొదలుపెట్టు. ఐదు కాదు, నాలుగు చాలు” అంటిని.